దూరదేశంలో మన సినిమా: వీపీఎన్ వెనక సంగతులు



మన వనపర్తి జిల్లా పెబ్బేరులో రాత్రి భోజనాలయ్యే వేళకు చాలా ఇళ్లలో ఒక ఫోను మోగుతుంది. అమెరికాలో చదువుకుంటున్న కొడుకో, దుబాయిలో పనిచేస్తున్న తమ్ముడో చేస్తాడు. బాగోగులు అడగడం అయ్యాక, "అమ్మా, ఇప్పుడు నీ ఫోనుకు ఒక నంబరొస్తది, జర చూసి చెప్పవా" అంటాడు. ఆ తల్లి కళ్లద్దాలు వెతుక్కుని, ఒక్కో అంకె ఆగి ఆగి చదువుతుంది. అక్కడ వాడి టీవీలో తెలుగు సినిమా మొదలవుతుంది. కొడుకు సంతోషపడ్డాడు గదా అని తల్లి నిశ్చింతగా పడుకుంటుంది.

ఆమె చదివింది ఓటీపీ. వాడు చూస్తున్న యాప్ ఇండియాలో ఉన్నవాళ్లకు మాత్రమే. వేల మైళ్ల దూరంలో ఉండి, ఇక్కడే ఉన్నట్టు ఆ యాప్‌ను నమ్మించాలంటే వాడికి రెండు కావాలి. ఒకటి ఇండియా ఫోను నంబరు, అది తల్లి దగ్గరుంది. రెండోది వీపీఎన్. ఈ కాసేపు నేను ఆ రెండో దాని గురించి మాట్లాడతాను. అది ఏం చేస్తుంది, ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ మనల్ని ముంచుతుంది అన్నది మన పాలమూరు ఇళ్లకు తెలియాల్సిన సంగతి. ఎందుకంటే ఇంత వలస ఉన్న నేల మనది. పెబ్బేరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీదే ఒకప్పుడు బస్సులెక్కి మనవాళ్లు బొంబాయికి, పుణెకు మట్టిపనికి పోయారు. ఇప్పుడు అదే రోడ్డు పట్టుకుని శంషాబాద్ పోయి విమానం ఎక్కుతున్నారు. బొంబాయి దాకా పోయినవాడికి ఈ చిక్కు లేదు, అది మన దేశమే. దేశం దాటినవాడికే ఉంది.

ముందు అసలు ప్రశ్న. పెబ్బేరులో కనపడే సినిమా డాలస్‌లో ఎందుకు కనపడదు? ఇంటర్నెట్టుకు ఎల్లలు లేవంటారు గదా! ఇంటర్నెట్టుకు లేకపోవచ్చు, సినిమా హక్కుల కాగితాలకు ఉన్నాయి. నిర్మాత తన సినిమాను ఒక్కరికే ఒక్కసారిగా అమ్మడు. థియేటర్ల విషయంలో ఇది మనకు ఎప్పటినుంచో తెలుసు. మన వనపర్తి నైజాం లెక్కలోకి వస్తుంది. తుంగభద్ర దాటి కర్నూలులో అడుగు పెడితే అది సీడెడ్, అక్కడ కొన్నవాడు వేరు, లాభనష్టాలు వేరు. అమెరికా, గల్ఫ్ హక్కులు ఓవర్సీస్ పేరుతో ఇంకొకరివి. ఓటీటీలు వచ్చాక ఈ పద్ధతే ఇంకా సన్నంగా చీలింది. దేశం వారీగా ఒక బేరం, భాష వారీగా ఇంకో బేరం.

ఆర్ఆర్ఆర్ సినిమానే చూడండి. 2022 మార్చి 25న థియేటర్లలోకి వచ్చింది. అదే సంవత్సరం మే 20న ఓటీటీలోకి వచ్చినప్పుడు తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5లో వచ్చాయి. హిందీ ఒక్కటే నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. మన తెలుగువాళ్లు తీసిన సినిమాను ఎంతోమంది అమెరికావాళ్లు నెట్‌ఫ్లిక్స్‌లో హిందీ మాటలతోనే చూశారు. 2023 మార్చిలో నాటు నాటు పాటకు ఆస్కార్ వచ్చినప్పుడు, ఆ పాటను హిందీ పాటగా విన్నవాళ్లు అక్కడ ఎందరో ఉన్నారు. సినిమా ఒక్కటే, భాషకొక దుకాణం. ఇంకో విశేషం ఉంది. సింప్లీ సౌత్ అనే ఓటీటీ మన దక్షిణాది సినిమాలను భారతదేశం బయట ఉన్నవాళ్లకే చూపిస్తుంది. అంటే ఇక్కడివాళ్లకు తలుపు వేసిన చోట్లు కూడా ఉన్నాయన్నమాట. డీవీడీల కాలంలోనూ ఇదే తంతు. ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడదీసి, మన దేశాన్ని 5వ ప్రాంతంలో, అమెరికాను 1వ ప్రాంతంలో పెట్టారు. అక్కడ కొనుక్కొచ్చిన డిస్కు ఇక్కడి ప్లేయర్లో ఆడకపోవడం మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది.

మరి మనవాడు డాలస్‌లో ఉన్నాడో, పెబ్బేరులో ఉన్నాడో యాప్‌కు ఎట్లా తెలుస్తుంది? ఇంటర్నెట్టుకు కలిసిన ప్రతి కనెక్షన్‌కూ ఐపీ అడ్రస్ అని ఒక నంబరు ఉంటుంది. ఈ నంబర్లను మన ఆసియా పసిఫిక్ దేశాలకు పంచిపెట్టే సంస్థ పేరు ఏపీనిక్, అది ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది. ఏ నంబర్ల వరస ఏ దేశంలో ఏ కంపెనీకి ఇచ్చారో పట్టికలుంటాయి. యాప్ ఆ పట్టిక చూసి మన దేశం పోల్చుకుంటుంది. అంతటితో ఆగదు. ఫోనులో జీపీఎస్, సిమ్ ఏ దేశానిది, డబ్బు కట్టిన కార్డు ఏ బ్యాంకుది, యాప్‌ను ఏ దేశపు ప్లేస్టోర్‌లోంచి దించుకున్నారు, ఇవి కూడా చూసే యాప్‌లు ఉన్నాయి. అందుకే కొడుకు తల్లిని ఓటీపీ అడగాల్సి వస్తుంది.

ఇప్పుడు వీపీఎన్ సంగతి. పెబ్బేరు అంటే చుట్టుపక్కల జిల్లాల్లో అందరికీ ముందు గుర్తొచ్చేది శనివారం సంత. పశువుల సంతల్లో బేరం ఎట్లా సాగుతుందో మన పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. దళారి, బేరగాడు తమ చేతుల మీద ఒక తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ నిలబడ్డవాళ్లకు బేరం జరుగుతోందని తెలుస్తుంది, ఎంతకు జరుగుతోందో తెలియదు. వీపీఎన్ పని కూడా అదే. మన ఫోనులోంచి పోయే సమాచారాన్ని సంకేత లిపిలోకి మార్చి కప్పేస్తుంది. మనకు నెట్ ఇచ్చే కంపెనీకి ఏదో పోతోంది, ఏదో వస్తోంది అని తెలుస్తుందే తప్ప, ఏమిటన్నది తెలియదు. ఆ సమాచారం తిన్నగా సినిమా యాప్ దగ్గరికి పోకుండా, ముందు వీపీఎన్ కంపెనీ కంప్యూటర్‌కు పోయి, అక్కడినుంచి ఆ కంప్యూటర్ ఐపీ అడ్రస్‌తో బయటికి వస్తుంది. ఆ అడ్రస్ ఇండియాదైతే, డాలస్‌లో ఉన్నవాడు ఇండియాలో ఉన్నట్టే లెక్క.

ఒక్కటి మరిచిపోవద్దు. తువ్వాలు కింద ఏం జరిగిందో సంతంతటికీ తెలియకపోయినా, వేళ్లు పట్టుకున్న దళారికి తెలుసు. మనకూ సినిమాకూ నడుమ కూర్చున్న దళారి ఇక్కడ వీపీఎన్ కంపెనీ. వాడెవరు, ఎక్కడివాడు, మనకు ఊరికే ఎందుకు చేస్తున్నాడు అన్నదే అసలు ప్రశ్న.

ఈ పరికరం పుట్టింది సినిమాల కోసం కాదు. ఆఫీసు బయట ఉన్న ఉద్యోగి ఆఫీసు కంప్యూటర్లతో క్షేమంగా మాట్లాడడానికి పుట్టింది. 1996లో మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తున్న గుర్‌దీప్ సింగ్ పాల్ అనే ఇంజనీరు, ఆయన తోటివాళ్లు దీనికి తొలి రూపాల్లో ఒకటి తయారు చేశారు. 2020లో కరోనా లాక్‌డౌన్ పెట్టినప్పుడు హైదరాబాదు, బెంగళూరు కంపెనీల్లో ఉన్న మన పిల్లలు ఊళ్లకు వచ్చి, మేడ మీద గదిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని నెలల తరబడి పనిచేశారే, ఆ పని నడిచింది వీపీఎన్ మీదనే. ఆఫీసు వీపీఎన్ తెగిపోయిందని వాళ్లు గాభరా పడడం ఇళ్లలో అందరూ విన్నారు. బ్యాంకులు, ఆస్పత్రులు, విశ్వవిద్యాలయాలు రోజూ దీన్ని వాడుతున్నాయి. కనుక వీపీఎన్ అనగానే దొంగపని అనుకోవడం అన్యాయం.

సినిమాల వైపు ఇది ఎట్లా మళ్లిందంటే, 2016 జనవరి 6న నెట్‌ఫ్లిక్స్ ఒకేసారి 130 దేశాల్లో మొదలైంది. మన దేశంలోకి వచ్చిందీ ఆ రోజే. ఏ దేశానికి ఆ దేశపు సినిమాల జాబితా వేరు. అప్పట్లో అమెరికా జాబితా పెద్దది, మనది చిన్నది. వీపీఎన్ పెట్టుకుని అమెరికా జాబితా చూడడం చాలామందికి అలవాటు. సరిగ్గా 8 రోజులకు, జనవరి 14న, అట్లా చూసేవాళ్లను ఆపేస్తామని నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. ఎట్లా ఆపుతారు? వీపీఎన్ కంపెనీల కంప్యూటర్లు పెద్ద పెద్ద డేటా సెంటర్లలో ఉంటాయి. ఆ సెంటర్ల ఐపీ అడ్రస్‌లు ఏవో పట్టికలు చూస్తే తెలుస్తాయి. పైగా ఒకే అడ్రస్ నుంచి వందల మంది సినిమా చూస్తుంటే అది ఇల్లు కాదని ఇట్టే తెలిసిపోతుంది. అటువంటి అడ్రస్‌లను కట్ చేశారు. మిగతా ఓటీటీలూ అదే దారి పట్టాయి.

ఇక్కడ కొంచెం నిలబడి ఆలోచించాలి, ఎందుకంటే మన కథ ఇక్కడే మలుపు తిరుగుతుంది. డేటా సెంటర్ల అడ్రస్‌లు పనికిరాకుండా పోయేసరికి, మామూలు ఇళ్లలో ఉండే ఐపీ అడ్రస్‌లకు విలువ పెరిగింది. ఇంటి అడ్రస్‌తో వచ్చేవాణ్ణి ఏ యాప్ కూడా అంత సులువుగా అనుమానించదు. సినిమాల కోసం చూసేవాడికే కాదు, దొంగ కార్డుతో వస్తువు కొనేవాడికి, బ్యాంకును మోసం చేసేవాడికి కూడా అటువంటి అడ్రస్ కావాలి. మరి ఇళ్ల అడ్రస్‌లు లక్షల్లో ఎక్కడ దొరుకుతాయి? ఉచిత వీపీఎన్ పేరు చెప్పి జనం ఫోన్లలోకి, కంప్యూటర్లలోకి దూరితే దొరుకుతాయి.

ఇది నేను భయపెట్టడానికి కల్పించి చెప్పే మాట కాదు. 2015లో హోలా అనే ఉచిత వీపీఎన్ బండారం బయటపడింది. దాన్ని వేసుకున్నవాళ్ల ఇంటర్నెట్‌ను ఆ కంపెనీ వేరేవాళ్లకు డబ్బుకు అమ్ముతోందని తేలింది. 2024 మార్చిలో హ్యూమన్ అనే భద్రతా సంస్థ గూగుల్ ప్లేస్టోర్‌లో ఇటువంటి 28 యాప్‌లను పట్టుకుంది. అవి వేసుకున్న ఫోను యజమానికి తెలియకుండానే ఎవరెవరి రాకపోకలకో దారి అవుతుంది. ఆ 28లో 17 ఉచిత వీపీఎన్ పేరుతోనే ఉన్నాయి. గూగుల్ వాటిని తీసేసింది, కాని అప్పటికే వేసుకున్న ఫోన్ల మాటేమిటి? అదే సంవత్సరం మే నెలలో అమెరికా న్యాయశాఖ 911 ఎస్5 అనే వలను తెంచింది. ఉచిత వీపీఎన్‌లు దించుకున్న కంప్యూటర్లను పట్టుకుని అల్లిన వల అది. దాని కింద ఉన్న ఐపీ అడ్రస్‌లు 1 కోటి 90 లక్షలకు పైనే, దాదాపు 200 దేశాల్లో. వాటిని అద్దెకు తీసుకున్న నేరగాళ్లు కరోనా కాలంలో ప్రభుత్వాలు ఇచ్చిన సాయం నిధులను కూడా కాజేశారు. నేరం చేసినవాడు ఎక్కడో ఉన్నాడు. పోలీసులు ఐపీ అడ్రస్ పట్టుకుని వెతికితే, దొరికేది మాత్రం సినిమా కోసం వీపీఎన్ వేసుకున్న అమాయకుడి ఇల్లు. దుబాయిలో నలుగురు ఒక గదిలో ఉండే మన తమ్ముడికి ఆ పరిస్థితి వస్తే వాడి తరఫున మాట్లాడేది ఎవరు?

2016లో ఆస్ట్రేలియా పరిశోధకులు మరికొందరితో కలిసి 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను పరీక్షించారు. నూటికి 38 యాప్‌లలో హాని చేసే ప్రోగ్రాముల ఆనవాళ్లు కనిపించాయి. నూటికి 18 యాప్‌లు సమాచారాన్ని సంకేత లిపిలోకి మార్చనే లేదు. అంటే తువ్వాలు కప్పామని చెప్పి, కప్పకుండానే బేరం చేయించారు. ఆ పరిశోధన పాతదే, యాప్‌లు మారి ఉంటాయి. అయినా ఊరికే ఇచ్చేవాడి లెక్క ఎక్కడ సరిపోతుందో అది చూపించింది.

భయాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు తమ సమాచారాన్ని తామే సంకేత లిపిలో పంపుతాయి. వీపీఎన్ కంపెనీ చెడ్డదైనా, కేవలం నడుమ ఉన్నందువల్ల మీ పిన్ నంబరు చదవలేదు. కాని మీరు ఏ సైట్లు చూస్తారు, ఏ వేళలో చూస్తారు అన్నది కనిపెట్టగలదు. ఇక ఆ యాప్ మీ మెసేజీలు చదివే అనుమతి, ఫోను తెర చూసే అనుమతి అడిగి, మీరు సరే అన్నారనుకోండి, అప్పుడు ఓటీపీలు కూడా దాని చేతిలో పడతాయి. వీపీఎన్‌కు మెసేజీలతో ఏం పని? అడిగిందంటేనే అనుమానించాలి.

గల్ఫ్‌కు పోయేవాళ్ల సంగతి వేరుగా చెప్పాలి. యూఏఈలో వాట్సాప్ కాల్స్ రావు, మెసేజీలే వస్తాయి. ఇంటికి వీడియో కాల్ చేసి పిల్లల మొహం చూడాలన్న కోరికతోనే మనవాళ్లలో చాలామంది అక్కడ మొదట వీపీఎన్ వేసుకుంటారు, సినిమా తర్వాత వస్తుంది. ఆ దేశంలో వీపీఎన్ వాడడమే నేరం కాదు, కంపెనీలు వాడుకుంటాయి. కాని 2021లో తెచ్చిన సైబర్ నేరాల చట్టం, అంటే 34వ నంబరు శాసనం ఒక మాట గట్టిగా చెబుతుంది. నేరం చేయడానికిగాని, చేసిన నేరం బయటపడకుండా చూసుకోవడానికిగాని ఐపీ అడ్రస్‌ను మార్చుకుంటే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల దాకా జరిమానా. 5 లక్షల దిర్హాములంటే మన రూపాయల్లో కోటికి పైమాటే. అక్కడ ఆపేసిన సేవను దొడ్డిదారిన వాడడాన్ని నేరం కింద లెక్కగట్టే అధికారి ఎదురైతే, నెలకు వెయ్యీ పదిహేనువందల దిర్హాములు సంపాదించే కూలీ ఏం చేయగలడు? అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్‌లు ఉన్నాయి. కొంత ఖర్చయినా, కొంత చిరాకైనా వాటితోనే మాట్లాడుకోవడం మేలు. పోయేముందు ఊళ్లో ఫోను దుకాణంలో పిల్లవాడికి వీపీఎన్ వేయించి పంపే తల్లిదండ్రులు ఇది తప్పక వినాలి. నేను ఈ ప్రసంగానికి పూనుకున్నది ముఖ్యంగా వాళ్ల కోసమే.

మన దేశంలో చట్టం ఏం చెబుతుంది? వీపీఎన్ వాడడాన్ని దేశమంతటా నేరం చేసే చట్టం లేదు. జమ్మూ కశ్మీర్‌లో మాత్రం భద్రత పేరుతో అప్పుడప్పుడూ నిషేధపు ఉత్తర్వులు వచ్చాయి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ అనే కేంద్ర సంస్థ ఒక ఆదేశం ఇచ్చింది. వీపీఎన్ కంపెనీలు తమ వాడకందారుల పేర్లు, అడ్రస్‌లు, ఫోను నంబర్లు, ఎందుకు వాడుతున్నారన్న వివరం, ఇచ్చిన ఐపీ అడ్రస్‌లు అన్నీ 5 ఏళ్లు దాచిపెట్టాలి. ఎవరి రికార్డూ పెట్టుకోబోమని చెప్పి వ్యాపారం చేస్తున్న ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, నార్డ్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటి కంపెనీలు దీంతో మన దేశంలో ఉన్న సర్వర్లు ఎత్తేశాయి. కొన్ని కంపెనీలు ఇప్పుడు ఇండియా అని చూపించేవి సింగపూర్‌లోనో లండన్‌లోనో ఉండే యంత్రాలు, వాటికి ఇండియా అడ్రస్ తగిలిస్తారు. డాలస్ పిల్లవాడు ఇండియా బటన్ నొక్కితే వాడి సినిమా సింగపూర్ చుట్టి వస్తుందన్నమాట.

సినిమా హక్కుల విషయానికి వస్తే, 1957 కాపీరైట్ చట్టానికి 2012లో 65ఏ అనే సెక్షన్ చేర్చారు. హక్కులను ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో సాంకేతిక రక్షణను తప్పించుకుంటే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అని అందులో ఉంది. చందా కట్టి, తన సొంత ఖాతాలో సినిమా చూసుకునే పిల్లవాణ్ణి ఆ సెక్షన్ కింద దొంగతో సమానం చేయడం నా మటుకు నాకు సబబుగా తోచదు. అయితే ఓటీటీల షరతుల్లో మాత్రం స్పష్టంగా ఉంటుంది. ఉన్న దేశాన్ని దాచిపెట్టి చూస్తే ఖాతా ఆపేసే హక్కు వాళ్లకు ఉంది. సంవత్సరం చందా ఒకేసారి కట్టినవాడు ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. దీనికీ, పైరసీకీ మాత్రం పోలిక లేదు. హక్కులు కొనకుండా కొత్త సినిమాలను ఊరికే పెట్టే సైట్లు వేరు. అటువంటి సైటే ఐబొమ్మ, దాన్ని నడిపిన వ్యక్తిని 2025 నవంబర్‌లో హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. అటువంటి సైట్లకు వీపీఎన్ తోడు పెట్టుకుని పోయేవాడు రెండు ప్రమాదాలను ఒకేసారి ఇంట్లోకి పిలుచుకుంటున్నాడు.

ఇక వీపీఎన్‌తో బొమ్మ ఆగి ఆగి రావడానికి కారణం ఉంది. ఓటీటీలు బాగా చూసే సినిమాలను నెట్ కంపెనీల దగ్గరే, మనకు దగ్గర్లో ఉన్న యంత్రాల్లో పెట్టి ఉంచుతాయి. వీపీఎన్ పెడితే ఆ దగ్గరి యంత్రం పనికిరాదు, బొమ్మ సముద్రాలు దాటి రావాలి. మంచి నాణ్యతలో గంటసేపు చూస్తే 3 జీబీ దాకా డేటా అవుతుందని నెట్‌ఫ్లిక్సే చెబుతుంది. రోజుకు జీబీన్నర ప్లాను వేసుకున్న ఇంట్లో అది అరగంటకే అయిపోతుంది.

ఇప్పుడు నా మనసులో ఉన్న మాట. సొంత భాషలో ఒక పాట, ఒక సినిమా కావాలని మనిషి అడ్డదారి తొక్కడం ఈనాటిది కాదు. మన రేడియో చరిత్రలోనే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. 1952లో బి.వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖ మంత్రి అయ్యాక, ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు మూగబోయాయి. సినిమా పాట జనం అభిరుచిని చెడగొడుతుందని ఆయన నమ్మారు. మరి జనం ఊరుకున్నారా? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకున్నారు. అమీన్ సయానీ వినిపించే బినాకా గీత్‌మాలా పాటల కార్యక్రమం కోసం దేశం చెవులు రిక్కించింది. తెలుగు ఇళ్లలో అక్కడి వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గొంతు ఇంట్లోవాళ్ల గొంతయింది. మన భాష మాతృభూమికి అవతల ఉన్న స్టేషన్ నుంచి, ఒక తమిళ పేరున్న అమ్మ నోట అంత తియ్యగా వినిపించింది. ఆ పాటలు వినడానికి మనవాళ్లు ఎవరి అనుమతీ అడగలేదు, రేడియో తరంగం కూడా అడగలేదు.

అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది? వినేవాళ్లను పట్టుకోలేదు. 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలుపెట్టింది. జనం ఏ పాట కోసం పొరుగు దేశం దాకా పోతున్నారో ఆ పాటను ఇంట్లోనే ఇచ్చింది. ముల్లు మళ్లీ ఇటు తిరిగింది.

ఓటీటీ కంపెనీలు చేయాల్సింది అదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. పెబ్బేరులో చందా కట్టిన కుటుంబంలో ఒకడు దుబాయికి పోతే, వాడి చందా వాడి వెంట పోవాలి. ఇది జరగని పనేం కాదు. ఐరోపా దేశాల సంఘం 2018 ఏప్రిల్ 1 నుంచి అట్లాంటి నియమం అమలు చేస్తోంది. ఫ్రాన్సులో చందా కట్టినవాడు సెలవులకో, చదువుకో కొంతకాలం ఇటలీకి పోతే, ఫ్రాన్సులో చూసిన జాబితానే అక్కడా చూడొచ్చు, పైసా అదనంగా అడగకూడదు. హక్కుల కాగితాలు అక్కడా ఉన్నాయి. అయినా ప్రభుత్వాలు కూర్చుని రాయించాయి. మన ఓటీటీలు, ముఖ్యంగా తెలుగు సినిమాల మీద బతికే ఓటీటీలు, నిర్మాత దగ్గర హక్కులు కొనేటప్పుడే ఇటువంటి మాట రాసుకోవచ్చు. ప్రవాసంలో ఉన్న తెలుగువాళ్లు డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నారు. యప్‌టీవీ లాంటి తెలుగువాళ్ల సంస్థ విదేశాల్లో తెలుగు చానళ్లు చూపించి నిలబడిందంటే, ఆ కట్టే చేతుల వల్లనే. కూలికి పోయినవాడికీ అందే ధర ఒకటి పెట్టాలి, అంతే.

ఆ రోజు వచ్చేదాకా ఏం చేయాలి? విదేశాల్లో ఉన్నవాళ్లు ముందు ఆ దేశంలో న్యాయంగా దొరికేవి ఏమిటో చూసుకోండి. ఆహా, జీ5, సన్ నెక్స్ట్ లాంటివి చాలా దేశాల్లో నేరుగా చందా తీసుకుంటాయి. ఆకాశవాణి తెలుగు కార్యక్రమాలకైతే చందా కూడా అక్కర్లేదు, న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వినొచ్చు. వీపీఎన్ తప్పదనుకుంటే, ఆ దేశపు చట్టం ఏం చెబుతుందో తెలుసుకుని, పేరున్న కంపెనీకి డబ్బు కట్టి తీసుకోండి. ఉచితం అన్నదాన్ని ముట్టుకోకండి.

ఇక్కడ ఊళ్లో ఉన్న మనం ఇప్పుడే ఒక పని చేయొచ్చు. మీ ఫోను తెర పైన, బ్యాటరీ గుర్తు ఉండే వరసలో చిన్న తాళంచెవి బొమ్మ ఉందేమో చూడండి. ఐఫోనులో అయితే వీపీఎన్ అనే అక్షరాలే ఉంటాయి, కొన్నిటిలో తెర పైమూల నుంచి కిందికి లాగితేనే కనపడతాయి. అది ఉందంటే వీపీఎన్ నడుస్తోంది. సెట్టింగుల్లోకి పోయి, నెట్‌వర్క్ అన్నచోట వీపీఎన్ నొక్కితే ఏ యాప్‌దో తెలుస్తుంది. మీరు ఎరిగి పెట్టుకున్నదీ, ఆఫీసు పెట్టిచ్చినదీ కాకపోతే తీసేయండి. పిల్లలు ఆట కోసమో, సినిమా కోసమో వేసి మరిచిపోయినవి చాలా ఫోన్లలో ఉంటాయి.

ఇక అమ్మలకు, అత్తమ్మలకు ఒక మాట. కొడుకు అడిగితే ఓటీపీ చదవడం మీకు అలవాటైంది. ఆ అలవాటు మీదే మోసగాళ్ల కన్ను ఉంది. కొడుకు గొంతును యంత్రంతో అనుకరించే కాలం ఇది. అందుకని ఓటీపీ చదివే ముందు ఫోను పెట్టేసి, మీ దగ్గరున్న కొడుకు నంబరుకు మీరే తిరిగి చేయండి. ఆ మెసేజీలో ఏ కంపెనీ పేరు ఉందో ముందు చదవండి. సినిమా యాప్ పేరు కాకుండా బ్యాంకు పేరో, డబ్బు అంకెలో కనపడితే ఒక్క అక్షరం కూడా బయటికి చెప్పకండి. డబ్బు పోయిందని తెలిసిన క్షణాన 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత తొందరగా చేస్తే, ఆ డబ్బు చేతులు మారకముందే బ్యాంకులో ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఆ నంబరును ఇంట్లో అందరికీ కనపడేలా గోడ మీద క్యాలెండర్ పక్కన రాసిపెట్టండి.